వెబ్ సర్వరు - వేచియుండు పని

పదవ తరగతి పరీక్షా ఫలితములు వెలువడు దినమున ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలోని ఇండ్లలో కనబడు దృశ్యమొకటి ఉపాధ్యాయులకు, విద్యార్థులకు బాగుగా పరిచితమే. ఒక్కొక్క రాష్ట్రములో సుమారు 5, 6 లక్షలమంది ఈ పరీక్ష వ్రాయుదురు. ఫలితములు ఫలానా గంటకు వచ్చునని ముందే ప్రకటింతురు. ఆ గంట కొట్టగనే విద్యార్థి, తండ్రి, మేనమామ, ప్రక్కయింటివారు, బడిలోని గుమాస్తా, అందరును ఒకే వెబ్‌సైటును తెరువబోవుదురు. తెర మీద చిన్న చక్రమొకటి తిరుగుచుండును. పుట రాదు. మరల నొక్కుదురు. అప్పుడును రాదు. గంటయో, రెండు గంటలో గడచిన పిమ్మట, ఎవరును ఏమియు బాగుచేయకయే, అదే పుట క్షణములో తెరచుకొనును.

కంప్యూటరు మీద భారము ఎక్కువైనదని చెప్పి ఊరుకొనుట పరిపాటి. ఆ మాటలో నిజము లేకపోలేదు కాని, అది సగము నిజము. ఇట్లు మొరాయించిన వెబ్‌సైటునకు చెందిన కంప్యూటరును ఆ సమయముననే పరిశీలించినచో, అనేక సందర్భములలో దాని ప్రాసెసరు సగమునకు పైగా ఖాళీగానే ఉండును. లెక్కలు చేయవలసిన అంగము ఊరక కూర్చుండగా వాకిట వేలమంది నిలబడియుండుట ఎట్లు సంభవించును? ఇది తెలియవలెనన్నచో వెబ్ సర్వరు పని ఎట్లు చేయునో, పని లేనప్పుడు ఎట్లు వేచియుండునో, రెండును చూడవలెను. ఈ రెండవదియే ముఖ్యము.

సర్వరు అను మాటకు వడ్డించువాడని అర్థము చెప్పవచ్చును. చదువరి ఫోనులోనో, కంప్యూటరులోనో ఉన్న బ్రౌజరు ఒక పుటను కోరును. దూరముననున్న వేరొక కంప్యూటరులో రేయింబవళ్ళు నడచుచుండు ఒక ప్రోగ్రాము ఆ కోరికను విని పుటను పంపును. ఆ ప్రోగ్రామే వెబ్ సర్వరు. మొట్టమొదటి వెబ్ సర్వరును జెనీవా వద్దనున్న సెర్న్ పరిశోధనాలయములో టిమ్ బెర్నర్స్-లీ 1990 చివర నడిపెను. అది నడచిన నెక్స్ట్ కంప్యూటరు మీద, ఇది సర్వరు గనుక దీనిని ఆపివేయరాదని ఎర్రసిరాతో వ్రాసిన చీటి ఒకటి అంటించియుండెడిది. ఒకరు మరచి మీట నొక్కినచో ప్రపంచములోని వెబ్ అంతయు ఆగిపోవు రోజులవి!

సర్వరు ఒక పుటను అందించుటలో రెండు విధములైన కాలము ఖర్చగును. మొదటిది పుటను తయారుచేయు కాలము. ఇది ప్రాసెసరు పని. మామూలు పుటకు సెకనులో యాభైయవ వంతు, అనగా 0.02 సెకను, పట్టుననుకొందము. రెండవది ఆ పుట తీగల గుండా, గాలి గుండా కోరినవానికి చేరు కాలము. ఇందులో ప్రాసెసరు చేయవలసినది దాదాపు ఏమియు లేదు.

ఈ రెండవ కాలము ఎంత పెద్దదో చాలమంది ఊహింపరు. గాజు తీగలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోవును. హైదరాబాదునకు, న్యూయార్కునకు మధ్య దూరము సుమారు 13,000 కిలోమీటర్లు. తీగ సూటిగా వేసియున్నదనుకొన్నను, ఒక మాట పోయి బదులు వచ్చుటకు 0.13 సెకను కావలెను. ఇది ఏ ఇంజనీరును తగ్గింపజాలని కాలము. 3 గిగాహెర్ట్జుల ప్రాసెసరు గడియారము ఇంతలో 39 కోట్లసార్లు కొట్టుకొనును. దూరము మాట అటుంచి, తీగ సన్నదనముచేత కలుగు ఆలస్యము ఇంకను ఎక్కువ. సిగ్నలు బలహీనముగానున్న పల్లెలో ఒక ఫోనునకు సెకనుకు 56,000 బిట్లు మాత్రమే అందుచున్నవనుకొందము. (1990 దశకము చివర ఇండ్లలోనుండిన టెలిఫోను మోడెముల వేగము కూడ ఇంతియే.) పుట 70,000 బైట్లు. బైటుకు 8 బిట్లు గనుక మొత్తము 5,60,000 బిట్లు. అది దిగుటకు 10 సెకనులు పట్టును.

తయారుచేయుటకు 0.02 సెకను, అందించుటకు 10 సెకనులు! వంట రెప్పపాటులో అయినది, భోజనము గంటసేపు సాగినది అన్నట్లున్నది. ఈ నిష్పత్తి 1కి 500. మిగిలిన కథ అంతయు ఈ నిష్పత్తిలోనే ఉన్నది.

తొలినాటి సర్వరులు ఈ వేచియుండు కాలమును ఎట్లు గడపెడివో ఇప్పుడు చూడవలెను. అమెరికాలో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయమునందలి ఎన్.సి.ఎస్.ఎ. కేంద్రములో రాబ్ మెక్‌కూల్ వ్రాసిన సర్వరు 1990 దశకము మొదట విరివిగా వాడబడెను. అతడు ఆ కేంద్రమును విడచిన పిమ్మట, దానిని వాడుచున్నవారే తమ తమ సవరణలను ఒకచోట చేర్చి 1995లో అపాచీ అను సర్వరును వెలువరించిరి. మరుసటి సంవత్సరమునకే అది ప్రపంచములో అన్నిటికంటె ఎక్కువగా వాడబడు వెబ్ సర్వరు అయినది. దాని నిర్మాణము సరళము, నమ్మదగినది. వచ్చిన ఒక్కొక్క చదువరికి ఒక్కొక్క ప్రాసెసును అప్పగించుట దాని పద్ధతి. ప్రాసెసు అనగా కంప్యూటరులో తనకంటూ కొంత మెమరీ కలిగి విడిగా నడచు ప్రోగ్రాము ప్రతి. ఒక ప్రాసెసు చెడినను ప్రక్కదానికి హాని లేదు. ఒక మనిషి పని పూర్తియగువరకు దానికి వేరొక ధ్యాస లేదు. ప్రోగ్రాము వ్రాయువారికి ఇంతకంటె సుఖము లేదు.

పెండ్లి భోజనము బంతిని తలచుకొన్నచో దీని లోపము తెలియును. నూట యాభైమంది అతిథులు కూర్చున్నారు. ఒక్కొక్క విస్తరి ముందర ఒక్కొక్క వడ్డనవాడు నిలబడినాడు. అతిథి కూర్చున్నది మొదలు చేయి కడుగుకొనువరకు ఆ వడ్డనవాడు అచటినుండి కదలడు. అన్నము వడ్డించుటకు వానికి పట్టునది రెండు నిమిషములు. తక్కిన కాలమంతయు గరిటె పట్టుకొని అతిథి ముఖము చూచుచుండుటయే పని. నూట యాభై ఒకటవ అతిథి వచ్చినచో విస్తరియున్నను, వంటయున్నను, వడ్డించు మనిషి లేడు. ఏ ఊరిలోను ఇట్లు వడ్డింపరు. కాని వెబ్ సర్వరులు చాలకాలము ఇట్లే వడ్డించినవి.

దీనిని లెక్కలోనికి తెచ్చుటకు సుళువైన సూత్రమొకటి కలదు. ఒక చోట సగటున ఉండువారి సంఖ్య, సెకనుకు సగటున వచ్చువారి సంఖ్యను ఒక్కొక్కరు అచట గడుపు సగటు కాలముతో హెచ్చించిన లబ్ధమునకు సమానము. బడి గ్రంథాలయమునకు గంటకు 40 మంది వచ్చి, ఒక్కొక్కరు అరగంట కూర్చున్నచో, ఏ సమయమున చూచినను సగటున 20 మంది ఉందురు. 20 కుర్చీలకు తక్కువైనచో పని జరుగదు. వచ్చువారు, పోవువారు దీర్ఘకాలములో సమతూకముగానున్న ఎట్టి వరుసకైనను ఈ సూత్రము చెల్లునని అమెరికా గణితవేత్త జాన్ లిటిల్ 1961లో నిరూపించెను. వరుసల గణితమునకు అంతకుముందే, 1909లో, కోపెన్‌హాగెన్ టెలిఫోను కంపెనీలో పనిచేసిన ఎ. కె. ఎర్లాంగ్ పునాది వేసియుండెను. ఎన్ని టెలిఫోను తీగలు వేసినచో ఎందరికి మాట అందును అనునది ఆయన ప్రశ్న. సర్వరు ప్రశ్న దానికి తోబుట్టువే.

లిటిల్ సూత్రమును అపాచీకి అన్వయింపుడు. 150 ప్రాసెసులు కలవు. ఒక్కొక్క చదువరి వలన ఒక ప్రాసెసు 10 సెకనులు కట్టుబడియుండును. కనుక సెకనుకు ఆ సర్వరు 15 మందికంటె ఎక్కువమందిని అందుకొనలేదు. ఈ 15 మందికి పుటలు తయారుచేయుటకు ప్రాసెసరునకు పట్టునది 15 × 0.02, అనగా సెకనులో 0.3 వంతు. తక్కిన 0.7 వంతు అది ఖాళీ! సెకనుకు 20 మంది వచ్చిరా, 5 గురు మిగిలిపోవుదురు. నిమిషమునకు 300, పది నిమిషములకు 3,000. ఎదురుచూచు వరుసకు కూడ ఒక హద్దు కలదు. అది నిండిన పిమ్మట వచ్చినవారికి తలుపే తెరచుకొనదు. విసిగినవారు మరల మరల నొక్కుదురు. వారి వెనుకటి కోరిక ఇంకను వరుసలోనే ఉండును. కొత్తది దాని వెనుక చేరును. అడిగినవాడు వెళ్ళిపోయిన కోరికకు కూడ సర్వరు శ్రమపడి పుట తయారుచేయుచునే ఉండును. మొదట చెప్పిన చక్రము తిరుగుట ఇందువలననే.

ప్రాసెసులను పెంచరాదా అని విద్యార్థి అడుగవచ్చును. అడుగవలసిన ప్రశ్నయే. అపాచీ ప్రాసెసులో పి.హెచ్.పి. వంటి భాషను నడపు యంత్రాంగము కూడ ఇమిడియున్నచో, ఒక్కొక్క ప్రాసెసునకు 25 మెగాబైట్ల మెమరీ పట్టుట వింత కాదు. 150 ప్రాసెసులకు 3,750 మెగాబైట్లు. 4 గిగాబైట్ల యంత్రము దీనితో నిండిపోయినది. ఇంకొక వంద చేర్చినచో మెమరీ చాలక, కంప్యూటరు కొంత భాగమును డిస్కు మీదికి దింపి, కావలసినప్పుడు మరల ఎక్కించుకొనుట మొదలిడును. మెమరీనుండి ఒక అంశమును తెచ్చుటకు సెకనులో కోటవ వంతు చాలును. తిరుగుడు డిస్కునుండి తెచ్చుటకు సెకనులో నూరవ వంతు పట్టును. లక్ష రెట్లు తేడా. అంతవరకు నెమ్మదిగా నడచిన సర్వరు ఆ గీత దాటగనే నడచుట మానును. మనుషులను పెంచగా వంటయిల్లు ఇరుకై వంటయే ఆగిపోయినట్లు.

1999లో డాన్ కెగెల్ అను అమెరికను ప్రోగ్రామరు ఈ విషయమును ఒక సవాలుగా వ్రాసి ప్రకటించెను. ఆయన వాదము ఒక భాగహారమే. తరువాత సవరించిన ఆయన వ్రాతలోని లెక్క ప్రకారము, సుమారు 1,200 డాలర్లకు 1,000 మెగాహెర్ట్జుల ప్రాసెసరు, 2 గిగాబైట్ల మెమరీ, సెకనుకు 1,000 మెగాబిట్ల తీగ గల యంత్రము దొరకును. దీనిని 20,000 మందికి పంచినను ఒక్కొక్కరి వంతునకు 50 కిలోహెర్ట్జులు, 100 కిలోబైట్లు, సెకనుకు 50 కిలోబిట్లు వచ్చును. ఒక చదువరికి పుట అందించుటకు ఇది చాలదా? చాలినప్పుడు పదివేలమందికే సర్వరులు ఎందుకు కూలుచున్నవి? లోపము యంత్రములో లేదు, ప్రోగ్రాము కట్టడిలో ఉన్నదని ఆయన తేల్చెను. ఈ పదివేల సమస్యకు సి-10-కె అని పేరు.

పరిష్కారము పెండ్లి బంతిలో అందరు ఎరిగినదే. ఒకే వడ్డనవాడు బాల్చీ పట్టుకొని వరుస వెంబడి తిరుగవలెను. కావలసినవానికి కావలసినంత వేసి, వాడు తినుచుండగా మరియొకని వద్దకు పోవలెను. సర్వరు విషయములో దీని అర్థమిది: ఒకే ప్రాసెసు వేల కనెక్షనులను చేతబట్టుకొని, ఏ కనెక్షనులో కొత్త మాట వచ్చినదో, ఏ కనెక్షను మరికొన్ని బైట్లను పుచ్చుకొనుటకు సిద్ధముగానున్నదో దానికి మాత్రమే పని చేసి, వెంటనే తరువాతదానికి పోవును. ఎవరికొరకును నిలబడదు.

ఇందులో ఒక చిక్కు ఉన్నది. ఎవరు సిద్ధముగా ఉన్నారో తెలియుటెట్లు? యూనిక్సులో 1983 నాటినుండి సెలెక్ట్ అను సదుపాయము కలదు. అది పనిచేయు రీతి, వడ్డనవాడు ప్రతిసారియు మొదటి విస్తరినుండి చివరి విస్తరివరకు, ఏమైనా కావలెనా అని ఒక్కొక్కరిని అడుగుచు పోవుట వంటిది. పదిమంది బంతిలో ఇది మర్యాద. పదివేలమంది బంతిలో ఇద్దరికి చారు కావలసియున్నప్పుడు పదివేలమందిని అడుగుట పిచ్చితనము. ఆ నడకలోనే ప్రొద్దుగూకును. ఈ లోపమును తీర్చుటకు ఫ్రీబి.ఎస్.డి. అను నిర్వహణ వ్యవస్థలో 2000లో కెక్యూ అను సదుపాయమును, లినక్సులో 2002లో ఈపోల్ అను సదుపాయమును చేర్చిరి. ఇవి రెండును పద్ధతిని తలక్రిందులు చేసినవి. వడ్డనవాడు అడుగడు, కావలసినవాడే చేయెత్తును. చేయెత్తినవారి జాబితా మాత్రమే వడ్డనవానికి అందును. బంతి ఎంత పొడవైనను, చేయెత్తినవారు ఇద్దరైనచో పని ఇద్దరి పనియే. వినుటకు చిన్న మార్పు. తేలిక సర్వరులు పుట్టుటకు మాత్రము ఇదియే ముఖ్యమైన ఆధారమైనది.

మాస్కోలో రాంబ్లర్ అను వెబ్ సంస్థయందు ఇగోర్ సిసోయెవ్ అను ఉద్యోగి యంత్రములను చూచుకొనుచుండెను. ఆ సంస్థ రష్యాలో పేరుగాంచినది. చదువరుల తాకిడి ఎక్కువ. ఆయన మొదట అపాచీకే ఒక అనుబంధము వ్రాసి, నెమ్మది చదువరుల భారమును దానినుండి తప్పింపజూచెను. కట్టడము మారనిది లాభము లేదని తోచి, 2002లో కొత్త సర్వరును సి భాషలో వ్రాయనారంభించెను. 2004 అక్టోబరు 4న దానిని అందరికిని ఉచితముగా విడుదలచేసెను. (స్పుత్నిక్ ఉపగ్రహము 1957లో ఎగిరినది కూడ అక్టోబరు 4ననే.) దాని పేరు ఇంజినెక్స్, ఇంజిను అను మాట వెనుక ఎక్స్ అను అక్షరము చేర్చి పలుకవలెను. జర్మనీకి చెందిన యాన్ క్నెష్కె 2003లో ప్రారంభించిన లైటీ అను సర్వరు కూడ ఈ పదివేల సమస్యకు బదులుగా పుట్టినదే.

ఇంజినెక్స్‌లో సాధారణముగా ప్రాసెసరునందలి ఒక్కొక్క కోరునకు ఒక పనివాడు, వారందరిపైన ఒక పెద్ద ఉందురు. నాలుగు కోరుల యంత్రములో నలుగురు పనివారు. చదువరులు వందయైనను, పదివేలైనను వారు నలుగురే. వేచియున్న 10,000 కనెక్షనులకు సుమారు 2.5 మెగాబైట్ల మెమరీ చాలునని ఇంజినెక్స్ నిర్మాతలు చెప్పుదురు. అనగా ఒక్కొక్కదానికి 250 బైట్లు. పైన అనుకొన్న అపాచీ ప్రాసెసు 25 మెగాబైట్లు. వేచియుండు ఖరీదు లక్ష రెట్లు తగ్గినదన్నమాట. ఇచట జాగ్రత్తగా గమనింపవలసినది, తగ్గినది వేచియుండు ఖరీదే గాని పని ఖరీదు కాదు. పుటను తయారుచేయు 0.02 సెకను ఎప్పటివలెనే ఉన్నది. తేలిక సర్వరు వేగముగా లెక్కలు చేయునని పత్రికలలో అప్పుడప్పుడు కనబడు మాట సరికాదు.

ఒక వెబ్‌సైటును ఈ మార్గమునకు మార్చువారు అపాచీని పారవేయనక్కరలేదు. దానిని వెనుకకు జరిపి, వాకిట ఇంజినెక్స్‌ను నిలుపుట మొదటినుండి వాడుకలోనున్న పద్ధతి. చదువరి కోరికను, అది ఎంత నెమ్మదిగా వచ్చినను, ఇంజినెక్స్ పూర్తిగా విని, వెనుకనున్న అపాచీకి ఒక్కసారిగా అందించును. అపాచీ 0.02 సెకనులో పుటను తయారుచేసి, అదే యంత్రములోనున్న ఇంజినెక్స్ చేతిలో పెట్టి, తరువాతి పనికి పోవును. ఆ 70,000 బైట్లను పల్లెలోని ఫోనునకు 10 సెకనులపాటు బొట్టుబొట్టుగా పోయు పని ఇంజినెక్స్‌ది.

లెక్క మరల వేయుడు. సెకనుకు 40 మంది వచ్చుచున్నారు. ప్రాసెసరునకు పని 40 × 0.02, అనగా 0.8 వంతు, చక్కగా పని చేయుచున్నదని అర్థము. అపాచీలో ఒక్కసారిగా పని జరుగుచుండునవి సగటున ఒకటికి లోపే. తాకిడి హెచ్చుతగ్గులకు 10 ప్రాసెసులు ఉంచినను 250 మెగాబైట్లు. ఇంజినెక్స్ వద్ద 40 × 10, అనగా 400 మంది పుటలు అందుకొనుచుందురు. వారి పుటలను తాత్కాలికముగా నిలువయుంచుటకు 400 × 70,000 బైట్లు, అనగా 28 మెగాబైట్లు. మొత్తము 300 మెగాబైట్లు కాలేదు. ఇంతకుముందు 3,750 మెగాబైట్లతో సెకనుకు 15 మంది. ఇప్పుడు 300లోపు మెగాబైట్లతో 40 మంది. యంత్రము అదే, ప్రాసెసరు అదే.

బొమ్మలు, అక్షరముల అలంకరణ ఫైళ్ళు మొదలైన మారని వస్తువులను ఇంజినెక్స్ అపాచీ వరకు పోనీయక తానే అందించును. అక్షరములతో నిండిన పుటను కుదించి పంపినచో అది మూడవ వంతో, నాల్గవ వంతో అగును. 10 సెకనుల దిగుబడి మూడు సెకనులకు దిగును. అయినను కొందరు ఈ కుదింపు సదుపాయమును తెరువకయే, కొత్త యంత్రము కొనుటకు అంచనాలు వేయుచుందురు.

2008లో వర్డ్‌ప్రెస్.కామ్ వంటి పెద్ద సంస్థ తన భారమును పంచు యంత్రములపై ఇంజినెక్స్‌ను నెలకొల్పినది. ఈ ఆలోచన వెబ్‌తోనే ఆగలేదు. 2012 జనవరిలో వాట్సాప్ సంస్థ తన సర్వరు ఒక్కదానితో 20 లక్షల కనెక్షనులను ఒకేసారి నిలిపియుంచినట్లు ప్రకటించినది. అందుకు వాడిన ప్రోగ్రాము భాష పేరు ఎర్లాంగ్; పైన చెప్పిన కోపెన్‌హాగెన్ గణితవేత్త పేరే.

అపాచీ పక్షమున కూడ ఒక మాట చెప్పుట న్యాయము. దాని నిర్మాతలు చూచుచు కూర్చుండలేదు. 2012లో వెలువడిన అపాచీ 2.4లో, వేచియున్న కనెక్షనులను ఒకచోట చేర్చి కనిపెట్టి చూచు పద్ధతి స్థిరపడినది. ఆ పద్ధతిలో నడపినచో పాత నింద దానికి చాలవరకు వర్తింపదు. పైగా ఒక్కొక్క ఫోల్డరులో ఒక్కొక్క చిన్న ఆజ్ఞల ఫైలు ఉంచి సైటును నడుపుకొను వీలు అపాచీలో కలదు, ఇంజినెక్స్‌లో లేదు. అట్టి ఫైళ్ళ మీద ఆధారపడిన సైటును మార్చువారు ఆ ఆజ్ఞలనన్నిటిని కొత్తగా వ్రాసికొనవలెను. ఈ పనిని తక్కువగా అంచనా వేసి చిక్కులలో పడువారు చాలమంది.

ఒకే వడ్డనవాని పద్ధతిలో మరియొక అపాయమున్నది. వాడు ఒక అతిథితో ముచ్చట్లకు కూర్చున్నచో బంతి అంతయు పస్తుండును. ఇంజినెక్స్ పనివాడు డిస్కునుండి పెద్ద ఫైలును చదువుటకు ఆగినచో, వాని చేతిలోని వేల కనెక్షనులు ఆ క్షణములన్నియు ఆగియుండును. ఇట్టి ఆగు పనులను వేరు సహాయకులకు అప్పగించు ఏర్పాటును 2015లో చేర్చిరి.

ఇంతకును ఒక సైటు నెమ్మదిగానున్నది తయారీలోనా, అందించుటలోనా? దీనిని తెలిసికొనక సర్వరును మార్చుట, వ్యాధి తెలియక మందు మార్చుట వంటిది. బడిలోని కంప్యూటరు మీదనే దీనిని పరీక్షింపవచ్చును. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ వంటి బ్రౌజరులో ఎఫ్-12 మీటను నొక్కి, నెట్‌వర్క్ అను భాగమును తెరచి, ఏదైన పుటను పిలువుడు. ఆ పుటకై వచ్చిన ఒక్కొక్క ఫైలు ఎంత పెద్దదో, దాని మొదటి బైటు వచ్చువరకు ఎంతసేపు వేచియుండవలసివచ్చెనో, పిమ్మట దిగుటకు ఎంతసేపు పట్టెనో విడివిడిగా కనబడును. రద్దీ లేని వేళ కూడ మొదటి బైటునకే రెండు సెకనులు పట్టినచో తప్పు తయారీలో ఉన్నది. బహుశః సమాచారము దాచిన డేటాబేసులో వెదకుటయందు ఆలస్యమగుచున్నది. దానికి తేలిక సర్వరు చేయగలిగినది లేదు. రద్దీ లేనప్పుడు క్షణములో వచ్చి, రద్దీలో మాత్రము రాకున్నచో, సర్వరువారు తమవైపున ప్రాసెసరు నిండినదా, మెమరీ నిండినదా, లేక పనివారందరును ఊరక వేచియున్నారా అని చూచుకొనవలెను. మూడవదైనచో పైన చెప్పిన మార్పు ఆ మధ్యాహ్నమే ఫలితమునిచ్చును.

పరీక్షా ఫలితముల విషయములో ఇంకొక మెట్టు ముందుకు పోవచ్చును. ఒకసారి ప్రకటించిన పిమ్మట ఒక విద్యార్థి మార్కులు ఆ దినమంతయు మారవు. అటువంటప్పుడు అడిగిన ప్రతిసారియు డేటాబేసును వెదకి పుటను కొత్తగా అల్లుట ఎందుకు? 6 లక్షలమందికి 6 లక్షల చిన్న పుటలు ముందురాత్రియే తయారుచేసి ఉంచవచ్చును. ఒక్కొక్కటి 2,000 బైట్లు అనుకొన్నను మొత్తము 120 కోట్ల బైట్లు, అనగా 1.2 గిగాబైట్లు. ఈనాటి మామూలు కంప్యూటరు మెమరీలో ఇమిడిపోవును. తయారీ కాలము సున్న. మిగిలినది వడ్డన మాత్రమే. సెకనుకు 100 కోట్ల బిట్ల తీగ మీద, 16,000 బిట్ల పుటలు, కాగితము మీది లెక్క ప్రకారము, సెకనుకు 62,500 పోవును. ఆరు లక్షలమందికి పది సెకనులు! కనెక్షను కుదుర్చుకొను మాటలు, రహస్య లిపి ఏర్పాట్లు, దారిలో పోగొట్టుకొన్నవానిని మరల పంపుట, ఇవన్నియు కలిపి పదిరెట్లు ఆలస్యమైనను రెండు నిమిషములు దాటదు.

అదే పుట మీద ప్రముఖుల ఛాయాచిత్రములు, కదలు అక్షరములు, ప్రకటనలు చేర్చి దానిని 10 లక్షల బైట్లు చేసినచో లెక్క తిరుగబడును. అవన్నియు అదే యంత్రమునుండి రావలసియున్నచో, పుటకు 80 లక్షల బిట్లు. సెకనుకు 125 మంది. ఆరు లక్షలమందికి 4,800 సెకనులు, అనగా 80 నిమిషములు. సర్వరు ఎంత తేలికయైనను తీగ లావెక్కదు. పల్లెలోని ఆ ఫోను సంగతి చెప్పనక్కరలేదు: 2,000 బైట్ల పుట దానికి సెకనులో మూడవ వంతునకు లోపే చేరును, 10 లక్షల బైట్ల పుట చేరుటకు రెండు నిమిషములపైన 23 సెకనులు పట్టును. అందులో విద్యార్థి చూడగోరునది ఆరు అంకెలు.

ఫలితముల మరునాడు మొదలగు పునర్గణనకు దరఖాస్తులు, రుసుము చెల్లింపులు మాత్రము ఈ ఉపాయమునకు లొంగవు. అచట ప్రతి కోరికయు డేటాబేసులో కొత్తగా ఏదో ఒకటి వ్రాయవలెను. ముందురాత్రి తయారుచేసి పెట్టుటకు వీలులేదు. ఇచట వరుస తప్పదు. ఆ వరుసను గంటలోనికి కుదింపక, వారము రోజుల గడువు ఇచ్చి పలుచన చేయుట ఒక్కటే చౌకయైన మార్గము. ఎర్లాంగ్ నాటి టెలిఫోను కంపెనీలు రద్దీ లేని వేళ మాటలాడువారికి రుసుము తగ్గించు పద్ధతికి రావలసివచ్చినది ఇందుకొరకే.